పలచబడిన రక్తమూ గడ్డకడుతుంది

కాలేయం పూర్తిగా దెబ్బతిని ఐసీయూలో ఉన్న మనిషి బంధువులకు ఒకే రోజు రెండు మాటలు వినిపిస్తుంటాయి. పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ‘ఐఎన్‌ఆర్ నాలుగు దాటింది, రక్తం బాగా పలచబడింది’ అంటారు. సాయంత్రం నర్సు బయటికొచ్చి ‘డయాలసిస్ ఫిల్టర్‌లో రక్తం గడ్డకట్టింది, మిషన్ ఆపేశాం, కొత్త సెట్ పెట్టాలి’ అంటుంది. పలచబడిన రక్తం గడ్డెలా కట్టింది? ఎవరో ఒకరు పొరపాటు పడుతున్నారని ఇంటివాళ్లకు అనుమానం మొదలవుతుంది. నిజానికి ఇద్దరూ చెప్పింది సరైనదే. ఈ చిక్కుముడిని విప్పుకుంటూ పోతే దారిలో జలగలు, బొగ్గు, నిమ్మ ఉప్పు, పంది కాలేయం, ఓ రైల్వే ఉద్యోగి ఎదురవుతారు.

✽

రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాల్లో చాలావరకు కాలేయంలోనే తయారవుతాయని చాలామందికి తెలుసు. అంతగా తెలియనిది మరొకటి ఉంది. గడ్డకట్టకుండా అడ్డుకునే పదార్థాలను తయారుచేసేదీ కాలేయమే. ఫైబ్రినోజన్, ప్రోథ్రాంబిన్, ఏడు, తొమ్మిది, పది నంబర్ల ఫ్యాక్టర్లు ఒక వైపు. యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ రెండో వైపు. త్రాసులో రెండు తట్టలకూ సరుకు ఒకే కొట్టు నుంచి వస్తోందన్నమాట. కొట్టు మూతపడితే రెండు తట్టలూ తేలికవుతాయి, ముల్లు మాత్రం ఇంచుమించు మధ్యలోనే ఆగుతుంది. అయితే నిండు తట్టల త్రాసుకున్న నిలకడ దానికి ఉండదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరినా, కిడ్నీలు మొరాయించినా, శరీరం బయట ప్లాస్టిక్ గొట్టాల్లో రక్తం తిరిగినా అటో ఇటో ఒరిగిపోతుంది. రక్తస్రావమూ కావచ్చు, గడ్డలూ కట్టవచ్చు. ఒకే మనిషిలో, ఒకే వారంలో రెండూ జరగవచ్చు.

✽

మరి ఐఎన్‌ఆర్ చెప్పేదేమిటి? దీని మూలం రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో కొలిచే ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్ష, అమెరికా వైద్యుడు ఆర్మండ్ క్విక్ 1935లో ప్రకటించినది. వార్ఫరిన్ వాడే గుండె రోగుల ఫలితాలు ఏ ల్యాబ్‌లో చూసినా ఒకేలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ లెక్కను తెచ్చింది. కాలేయ రోగుల కోసం పుట్టిన లెక్క కాదది. గడ్డకట్టించే తట్టను మాత్రమే తూస్తుంది, అడ్డుకునే తట్ట వైపు చూడదు. 2005లో మిలాన్ నగరంలోని పరిశోధకులు రెండు తట్టలనూ కలిపి చూసే పద్ధతిలో లివర్ సిరోసిస్ రోగుల రక్తాన్ని పరీక్షించారు. థ్రాంబిన్ తయారీ ఆరోగ్యవంతుల్లో ఎంత ఉందో వాళ్లలోనూ అంతే ఉన్నట్టు తేలింది. మామూలు పరీక్షల్లో మాత్రం వాళ్ల రక్తం ‘పలచన’గానే కనిపిస్తోంది.

అలాగని ఐఎన్‌ఆర్ పనికిరాదని కాదు. ఏడో నంబరు ఫ్యాక్టర్ ఆయుష్షు చాలా తక్కువ, నాలుగు నుంచి ఆరు గంటల్లో సగానికి పడిపోతుంది. అందుకే కాలేయం చతికిలబడిన రోజే ఐఎన్‌ఆర్ ఆ సంగతి పసిగడుతుంది. కాలేయం ఎంత పనిచేస్తోందో చెప్పడానికి అంతకన్నా మంచి కొలత దొరకడం కష్టం. రోగికి రక్తస్రావం అవుతుందా, గడ్డకడుతుందా అని దాన్ని అడిగితేనే చిక్కు. రక్తస్రావం లేనప్పుడు అంకె బాగుండాలని ప్లాస్మా ఎక్కించవద్దని నిపుణులు అనేదీ ఇందుకే. అంకె బాగుపడుతుంది, కాలేయం బాగుపడిందో లేదో మాత్రం తెలియకుండా పోతుంది.

✽

రక్తాన్ని ఓ చిన్న కప్పులో పోసి, అది గడ్డకట్టే తీరును మొదటి నుంచి చివరిదాకా గీతగా గీసే పరీక్ష కూడా ఉంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హెల్మూట్ హార్టెర్ట్ 1948లో దీన్ని వర్ణించాడు. థ్రాంబోఎలాస్టోగ్రఫీ అనే పొడవాటి పేరును ఆసుపత్రుల్లో ‘టెగ్’ అని కుదించేశారు. గడ్డ ఎప్పుడు మొదలైంది, ఎంత గట్టిపడింది, మళ్లీ ఎప్పుడు కరిగింది అన్నీ ఆ గీతలో కనిపిస్తాయి. ఐఎన్‌ఆర్ భయపెట్టే చాలామంది కాలేయ రోగుల్లో ఈ గీత దాదాపు మామూలుగానే వస్తుంది.

✽

ఇక రైల్వే ఉద్యోగి కథ. జాన్ హేగ్‌మన్ అమెరికాలో రైలు బ్రేకులు చూసే పనిలో ఉండేవాడు. ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో ఆయన రక్తం గాజు గొట్టంలో ఎంతసేపటికీ గడ్డకట్టలేదు. విచిత్రమేమిటంటే ఆయనకు ఎప్పుడూ అసాధారణ రక్తస్రావం కాలేదు. క్లీవ్‌లాండ్ వైద్యుడు ఆస్కార్ రాట్నాఫ్, ఆయన సహోద్యోగి జోన్ కొలోపీ 1955లో ఈ సంగతి ప్రకటించారు. హేగ్‌మన్ రక్తంలో లేని ఆ పదార్థాన్నే నేడు పన్నెండో నంబరు ఫ్యాక్టర్ అంటున్నాం, ‘హేగ్‌మన్ ఫ్యాక్టర్’ అనే పేరూ ఉంది. గాజులాంటి పరాయి ఉపరితలం తగిలితే మేలుకునే పదార్థమిది. గాయమైనప్పుడు రక్తం ఆగడానికి దీని అవసరం పెద్దగా లేదు. డయాలసిస్ గొట్టాల్లో రక్తం తిరిగేటప్పుడు మాత్రం ప్లాస్టిక్ తగలగానే నిద్రలేచే మొదటివాళ్లలో ఇదొకటి.

హేగ్‌మన్ 1968లో మరణించాడు. తుంటి ఎముకలు విరిగి మంచాన ఉండగా, ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరి చనిపోయాడు. పరీక్ష గొట్టంలో రక్తం గడ్డకట్టని మనిషి ప్రాణాన్ని గడ్డే తీసింది. పరీక్షలో కనిపించే రక్తమూ ఒంట్లో పారే రక్తమూ వేరువేరుగా ప్రవర్తిస్తాయని చెప్పడానికి నాకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ తెలియదు.

✽

మిషన్‌లో గడ్డ ఎక్కడ కడుతుంది? ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, గాలి బుడగలు పట్టేందుకు గొట్టం మధ్యలో అమర్చిన చిన్న గది. అక్కడ రక్తం గాలికి తగులుతుంది, సుడి తిరిగి నెమ్మదిస్తుంది. రెండు, వేల సన్నటి బోలు దారాలతో తయారైన ఫిల్టర్. నీరు బయటికి లాగే కొద్దీ దారం చివర్లో రక్తం చిక్కబడుతుంది. మూడు, మెడలోనో గజ్జల్లోనో పెట్టిన కాథెటర్. అది మెలిక పడినా, రోగి పక్కకు తిరిగినప్పుడు మూసుకుపోయినా మిషన్ గంట కొడుతుంది, ప్రవాహం ఆగుతుంది, ఆగిన రక్తం పేరుకుంటుంది. అనుభవమున్న డయాలసిస్ టెక్నీషియన్లు ఫిల్టర్‌లో కనిపించే నల్లటి చారలను, పెరుగుతున్న ప్రెషర్ అంకెలను చూసి గడ్డ రాబోతోందని ముందే చెబుతారు. సెట్ మొత్తం గడ్డకట్టి రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపలేకపోతే పెద్దవాళ్లకు 150 నుంచి 250 మిల్లీలీటర్ల దాకా నష్టం. అసలే రక్తం తక్కువగా ఉన్న మనిషికి అది చిన్న దెబ్బ కాదు.

✽

కాలేయం పడిపోయినప్పుడు తగ్గకపోగా విపరీతంగా పెరిగే ఒక పదార్థం ఉంది. దాని పేరు వాన్ విలెబ్రాండ్ ఫ్యాక్టర్. ఫిన్లాండ్‌కు చెందిన ఆలాండ్ దీవుల్లోని ఓ కుటుంబంలో రక్తస్రావ వ్యాధిని 1926లో వర్ణించిన వైద్యుడు ఎరిక్ వాన్ విలెబ్రాండ్ పేరు దానికి పెట్టారు. ఇది కాలేయ కణాల్లో కాక రక్తనాళాల లోపలి పొరలో తయారవుతుంది, కాబట్టి కాలేయం మూతపడినా దీని ఉత్పత్తి ఆగదు. దీన్ని కత్తిరించి అదుపులో ఉంచే ఎంజైమ్ మాత్రం కాలేయంలోనే తయారవుతుంది. కత్తెర పోయింది, దారం పెరుగుతూ పోతోంది. ప్లేట్‌లెట్లు తగ్గినా, ఉన్న కొన్నింటినే పట్టుకుని గోడకు అతికించే పని ఈ జిగురు చేస్తుంది. యాభై వేల ప్లేట్‌లెట్లున్న రోగి మిషన్‌లో గడ్డ ఎలా కట్టిందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

✽

మరి మిషన్‌లో గడ్డ కట్టకుండా ఆపేదెలా? జలగ ఊడిపడ్డాక కూడా గాయం నుంచి రక్తం కారుతూనే ఉంటుందని పొలాల్లో, చెరువుల్లో దిగినవాళ్లందరికీ తెలుసు. జలగ లాలాజలంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఉందని 1884లో జాన్ హేక్రాఫ్ట్ చూపించాడు. దాని పేరు హిరుడిన్. ప్రపంచంలో మొట్టమొదటి ‘కృత్రిమ మూత్రపిండం’ నడిచింది ఈ జలగల మందుతోనే. 1913లో బాల్టిమోర్‌లో జాన్ జేకబ్ ఏబెల్ బృందం కుక్కల రక్తాన్ని శుభ్రం చేసింది. 1924లో జర్మనీలోని గీసెన్‌లో గేయోర్గ్ హాస్ మొదటిసారి ఓ మనిషికి డయాలసిస్ చేశాడు, అదీ హిరుడిన్‌తోనే. శుద్ధి చేసే పొర దొరకడం కన్నా గడ్డకట్టనివ్వని మందు దొరకడమే ఆ తొలిరోజుల్లో కష్టమైంది.

✽

ఆ మందు చివరికి దొరికింది ఎక్కడో తెలుసా? కాలేయంలో. 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్‌లీన్ అనే వైద్య విద్యార్థి, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ కుక్క కాలేయం నుంచి తీసిన సారం సరిగ్గా దానికి వ్యతిరేకంగా పనిచేయడం గమనించాడు. ఆయన గురువు విలియం హోవెల్ 1918లో దానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘హెపార్’ అంటే కాలేయం. నేడు హెపారిన్‌ను ఎక్కువగా పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు, పేరు మాత్రం కాలేయానిదే నిలిచిపోయింది.

హెపారిన్ తనంతట తాను ఏ పనీ చేయలేదు. రక్తంలోని యాంటీథ్రాంబిన్‌ను పట్టుకుని దాని బలాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, అంతే. ఆ యాంటీథ్రాంబిన్ తయారయ్యేది కాలేయంలో! కాబట్టి కాలేయం పడిపోయిన మనిషిలో హెపారిన్ ఎంత పనిచేస్తుందో ముందుగా చెప్పలేం. ఒకరికి మామూలు మోతాదు చాలదు, ఫిల్టర్ గడ్డకడుతుంది. మరొకరికి అదే మోతాదుతో ముక్కు నుంచి, కాథెటర్ పెట్టిన చోటు నుంచి రక్తం ఆగదు. అందుకే చాలా ఐసీయూల్లో ఈ రోగులకు అసలు ఏ మందూ లేకుండా మిషన్ మొదలుపెట్టి చూస్తారు. అది తప్పు కాదు. కానీ ‘ఐఎన్‌ఆర్ ఎక్కువుంది కదా, గడ్డకట్టదులే’ అన్న ధీమాతో మొదలుపెడితే మాత్రం పొరపాటే.

✽

కాలేయం పనిని యంత్రంతో చేయించే ప్రయత్నాల్లోనూ ఈ గడ్డే అడ్డొచ్చింది. బొగ్గు విషాన్ని పీలుస్తుంది. లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో రోజర్ విలియమ్స్ బృందం 1970లలో కాలేయ రోగుల రక్తాన్ని బొగ్గు నింపిన డబ్బాల గుండా పంపి శుద్ధి చేసింది. అయితే బొగ్గు విషంతో పాటు ప్లేట్‌లెట్లనూ పట్టుకునేది. గడ్డలు కట్టేవి, రోగి బీపీ పడిపోయేది. అదే సమయంలో, 1976లో, జాన్ వేన్ బృందం రక్తనాళాల గోడల్లో ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వని ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాన్ని కనిపెట్టింది. 1980లో కింగ్స్ వైద్యులు దాన్ని బొగ్గు డబ్బాతో జతచేశారు, ప్లేట్‌లెట్లు నిలిచాయి. వేన్‌కు 1982లో నోబెల్ వచ్చింది. బొగ్గు చికిత్సకు మాత్రం విజయం రాలేదు. మంచి ఐసీయూ సంరక్షణ కన్నా అది ప్రాణాలను అదనంగా కాపాడటం లేదని 1988లో అదే ఆసుపత్రి నిజాయితీగా ప్రకటించింది. తమ పద్ధతి పనిచేయలేదని తామే లెక్కలతో చెప్పిన ఆ వైద్యులంటే నాకు గౌరవం.

✽

జర్మనీలోని రోస్టాక్ నగరంలో యాన్ ష్టాంగె, ష్టెఫెన్ మిట్స్‌నర్ రూపొందించిన ‘మార్స్’ యంత్రం ఆ తరవాత వచ్చింది. బిలిరుబిన్, పైత్యరస ఆమ్లాల వంటివి నీటిలో కరగవు, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ వీపెక్కి తిరుగుతాయి. మామూలు డయాలసిస్‌కు లొంగవు. అందుకని పొరకు అవతలి వైపు కూడా ఆల్బుమిన్ ద్రావణాన్నే ఉంచారు. పచ్చగా మారిన ఆ ఆల్బుమిన్ బొగ్గు, రెజిన్ డబ్బాల్లో శుభ్రపడి మళ్లీ తిరిగి వస్తుంది. రోగి కళ్లలో పసుపు తగ్గుతుంది, మగత తగ్గుతుంది. 2013లో వెలువడ్డ 189 మంది రోగుల అధ్యయనంలో 28 రోజుల మరణాలు మాత్రం తగ్గలేదు. మార్స్ నడిచినప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గడం, రక్తం తిరిగే గొట్టాల సర్క్యూట్‌లో గడ్డకట్టడం నేటికీ తలనొప్పే.

✽

గడ్డను ఆపడానికి హెపారిన్ కాక మరో దారీ ఉంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు సిట్రిక్ ఆమ్లం. దాని లవణమే సిట్రేట్. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. సిట్రేట్ ఆ కాల్షియాన్ని బంధించేస్తుంది. 1914లో బ్రస్సెల్స్‌లో ఆల్బర్ట్ హస్టిన్, బ్యూనస్ ఎయిరీస్‌లో లూయిస్ అగోతె సిట్రేట్ కలిపిన రక్తాన్ని మనుషులకు ఎక్కించారు. ఎంత కలిపితే ప్రమాదం లేదో 1915లో న్యూయార్క్‌లో రిచర్డ్ లెవిసోన్ తేల్చాడు, నూటికి 0.2 వంతు. అప్పటిదాకా దాత, రోగి పక్కపక్కనే పడుకుంటే తప్ప రక్తమార్పిడి లేదు. సీసాలో రక్తం నిలవ ఉంచడం సాధ్యమైంది సిట్రేట్ వల్లే. నేటి బ్లడ్ బ్యాగులోనూ అదే ఉంది.

డయాలసిస్ మిషన్‌లో సిట్రేట్ కిటుకు అందమైనది. ఒంట్లోంచి రక్తం బయటికి రాగానే సిట్రేట్ కలుపుతారు. సర్క్యూట్‌లో స్వేచ్ఛగా ఉండే కాల్షియం దాదాపు పావు వంతుకు పడిపోతుంది, గడ్డ కట్టదు. తిరిగి ఒంట్లోకి వెళ్లే ముందు కాల్షియం కలిపేస్తారు. మిషన్‌లో రక్తం పలచన, మనిషిలో రక్తం మామూలు. హెపారిన్‌కు ఈ వెసులుబాటు లేదు.

ఇక్కడా కాలేయం అడ్డొస్తుంది. ఒంట్లోకి చేరిన సిట్రేట్‌ను కరిగించే పనిలో పెద్ద వాటా కాలేయానిదే. అది పనిచేయకపోతే సిట్రేట్ పేరుకుని ఒంట్లోని కాల్షియాన్ని కూడా పట్టేస్తుంది. పెదవుల చుట్టూ తిమ్మిరి, కండరాలు లాగడం, బీపీ పడటం, గుండె లయ తప్పడం వరుసగా రావచ్చు. మొత్తం కాల్షియాన్ని స్వేచ్ఛగా ఉన్న కాల్షియంతో భాగిస్తే 2.5 దాటిందా అని ఐసీయూలో చూస్తుండేది ఇందుకే. చాలా ఏళ్లు ‘కాలేయ రోగికి సిట్రేట్ వద్దు’ అనేది కట్టుబాటు. 2015లో జర్మనీ ఐసీయూల్లో 133 మందిపై వచ్చిన అధ్యయనం ఆ భయాన్ని సడలించింది. గంటల లెక్కన కాల్షియం చూసుకుంటూ ఉంటే తీవ్ర కాలేయ వైఫల్యంలోనూ సిట్రేట్ వాడవచ్చని తేలింది. చూసుకుంటూ ఉంటేనే. ఆ షరతు మరిచిపోతే ప్రమాదమే.

✽

యంత్రానికి బదులు పంది కాలేయాన్ని బయట పెట్టి, మనిషి రక్తాన్ని అందులోంచి పంపిన ప్రయోగం కొత్తది కాదు. అమెరికా సర్జన్ బెన్ ఐస్‌మన్ 1965లోనే చేశాడు. పంది కాలేయం మనిషి ప్లేట్‌లెట్లను పరాయివిగా చూసి మింగేస్తుంది. అదే పెద్ద అవరోధం. జన్యువులు సవరించిన పంది కాలేయాన్ని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు బ్రెయిన్ డెత్ అయిన వ్యక్తి శరీరానికి బయట అమర్చి 72 గంటలు నడిపినట్టు 2024 జనవరిలో ప్రకటించారు.

✽

ఇన్ని యంత్రాల మధ్య ప్రాణాలు కాపాడగలనని అధ్యయనంలో చూపించుకున్నది ప్లాస్మా మార్పిడి. ఐసీయూ భాషలో ‘ప్లెక్స్’. రోగి ప్లాస్మాను తీసేసి దాతల ప్లాస్మా నింపుతారు. 2016లో వెలువడ్డ ఐరోపా అధ్యయనంలో, హఠాత్తుగా కాలేయం పడిపోయిన 182 మందిలో కొందరికి వరుసగా మూడు రోజులు రోజుకు 8 నుంచి 12 లీటర్ల ప్లాస్మా మార్చారు. వాళ్లలో 58.7 శాతం మంది బతికి ఇంటికి వెళ్లారు. మామూలు చికిత్స పొందినవాళ్లలో అది 47.8 శాతం. ప్లెక్స్‌లో గడ్డ సమస్య మరో రూపంలో వస్తుంది. విషాలతో పాటు పెరిగిపోయిన వాన్ విలెబ్రాండ్ ఫ్యాక్టర్ కూడా బయటికి పోతుంది, కొత్త ప్లాస్మాతో రెండు తట్టల్లోనూ సరుకు పడుతుంది. కానీ ఆ సంచుల్లో సిట్రేట్ ఉంది, కాబట్టి కాల్షియం చూసుకోవాల్సిందే.

మన పక్కనే ఉన్న వెల్లూరు సీఎంసీ వైద్యులు ఈ వాన్ విలెబ్రాండ్ కోణాన్ని పట్టుకుని, తక్కువ పరిమాణంలో ప్లాస్మా మార్చే పద్ధతిపై ఏళ్లుగా పనిచేస్తున్నారు. వాళ్ల దగ్గరికి వచ్చే రోగుల్లో ఎలుకల మందు పేస్టు కడుపులోకి వెళ్లినవాళ్లు ఎందరో. దక్షిణాదిలో, మన రెండు రాష్ట్రాల్లోనూ, ఆ పేస్టులోని పసుపు భాస్వరం యువకుల కాలేయాలను కాల్చేస్తోంది. దానికి విరుగుడు మందు లేదు. తిన్న మనిషి మొదటి రోజు, రెండో రోజు బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు, తరవాత కామెర్లు మొదలవుతాయి. ‘ఏమీ కాలేదులే’ అని ఇంట్లో ఆగిన ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లలున్న ఇంట్లో, మనసు బాగోలేని మనిషి ఉన్న ఇంట్లో దాన్ని ఉంచకండి. పొరపాటున నోట్లోకి వెళ్లినా, బాగానే ఉన్నట్టు అనిపించినా, అదే గంటలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

✽

చివరిగా ఓ లెక్క. ఒక మనిషి ఇచ్చిన రక్తం నుంచి వచ్చే ప్లాస్మా సుమారు 200 నుంచి 250 మిల్లీలీటర్లు. ఎనిమిది లీటర్ల ప్లాస్మా మార్చాలంటే ఒక్క రోజుకు 32 నుంచి 40 మంది దాతలు కావాలి. మూడు రోజులకు 96 నుంచి 120 మంది. ఏ కర్మాగారమూ ఆ పదార్థాల మిశ్రమాన్ని తయారు చేయలేదు, అది చాలావరకు మనిషి కాలేయం చేసిన సరుకే. మీకు 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువుండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే మీరూ దాతలే. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. ఈ నెలలో మీ ఊరి బ్లడ్ బ్యాంకుకు ఒకసారి వెళ్లి రండి.